మూడో తెప్ప ఎందుకు ఒరిగింది

తేలూరు నెట్‌వర్క్ పుస్తకం
రాస్తున్నది: సంగాడి రత్నకుమారి

నమోదు 1. అక్టోబరు 20, ఉదయం

ఈ రోజు ఫిర్యాదు గరికిన నూకాలమ్మ గారి నుంచి వచ్చింది. ఆవిడ ఫిర్యాదులు కాగితం మీద రావు. మూడో తెప్ప మీద ఆవిడ నిలబడి ఉంటే, మధ్యలో ఒక తెప్ప దాటి నా ఆఫీసు కిటికీ దాకా గొంతే వస్తుంది.

"ఏమ్మా రత్నం! పులుసు దాక పొయ్యి మీంచి దిగి నడుచుకుంటా ఎల్లిపోయిందే! ఆపుదారని ఎనకాలే ఎల్తే నేనూ జారాను!"

నూట నలభై మంది తినే మెస్సు ఆవిడది. పులుసు పోయిందంటే ఊరంతటికీ పోయినట్టే. వెళ్ళి చూశాను. ఎనిమిదీ పన్నెండుకు మూడో తెప్ప పడమటికి ఒరిగింది. మూడు నిమిషాల తర్వాత ఏమీ ఎరగనట్టు సర్దుకుంది. గోడ వారగా పులుసూ, అందులో పండుగప్ప ముక్కలూ, వాటి పక్కన నూకాలమ్మ గారూ ఉన్నారు.

సముద్రం మీద తేలే మా ఊళ్ళో ప్రతి తెప్ప అడుగున నాలుగు మూలలా నాలుగు నీటి తొట్లుంటాయి. అల వచ్చినా, జనం ఒక పక్కకు చేరినా, ఆ తొట్లలోకి నీళ్ళు ఎక్కించి, దించి తెప్పను సమంగా నిలబెట్టేది దాని బుర్ర. మాన్యువల్‌లో దాన్ని వర్చువల్ మెషీన్ అన్నారు. తేలూరులో ఆ మాట అంటే నా వైపు జాలిగా చూస్తారు. పదకొండు తెప్పలకు పదకొండు బుర్రలు. వాటికి విడివిడిగా ఒళ్ళు లేదు. కంప్యూటర్లు పెట్టిన తూర్పు బీరువాలో కొన్ని, పడమటి బీరువాలో కొన్ని, ఉమ్మడి కాపురం చేస్తుంటాయి.

మూడో బుర్రను పరీక్షించాను. చక్కగా ఆలోచిస్తోంది. ఎటు ఎన్ని నీళ్ళు ఎక్కించాలో సరిగ్గానే లెక్క కట్టింది. ఆ మూడు నిమిషాలూ దాని మాట మాత్రం బయటికి రాలేదు. తల పనిచేస్తూ నోరు పడిపోయినట్టు.

మొన్న పద్దెనిమిదిన ఎనిమిదో తెప్పను పడమటి చివర నుంచి లాక్కొచ్చి మూడో దాని పక్కన కట్టాం. తుఫానుల కాలం, అక్కడ అలల పోటు ఎక్కువ. అది గానీ గుద్దుకుందేమోనని చూశాను. గుద్దుకోలేదు. ఎనిమిదో తెప్ప నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు.

నమోదు 2. అక్టోబరు 21

మా అధ్యక్షులు ఓలేటి పురుషోత్తం గారి దగ్గర అన్ని జబ్బులకూ ఒకే మందు ఉంది.

"రీస్టార్ట్ చేశారా?"

"చేశానండి."

"మళ్ళీ చేయండి. ఈసారి నేను ఇక్కడే ఉంటాను."

ఆయన సమక్షంలో చేశాను. నాలుగు గంటల పది నిమిషాలు ఏ ఇబ్బందీ రాలేదు. సమస్య పరిష్కారమైందని ఆయన అన్ని తెప్పలకూ ప్రకటన పంపారు. ఆ ప్రకటన చదువుతుండగా మూడో తెప్ప మళ్ళీ ఒరిగిందని నూకాలమ్మ గారు చెప్పారు.

ప్రతి సెకనుకూ మూడో బుర్రను "ఉన్నావా?" అని అడిగే చిన్న ప్రోగ్రాం పెట్టాను. అది "ఉన్నా" అనాలి. ఉన్నా, ఉన్నా, ఉన్నా అని రెండు వేల సార్లు చెప్పి, ఉన్నట్టుండి మౌనం. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ ఉన్నా, ఉన్నా. పెళ్ళైన కొత్తలో మా ఆయనకు ఫోన్ చేస్తే ఇలాగే ఉండేది. ఆయన విషయంలో కారణం పేకాట అని తర్వాత తెలిసింది. దీనికి పేకాట రాదు.

నమోదు 3. అక్టోబరు 23

ఈ రోజు తొమ్మిది సార్లు. అన్నిటికన్నా పెద్దది ఆరు నిమిషాలు.

మూడు రోజులుగా సెట్టింగులన్నీ చూశాను. బీరువా మీద భారం ఎక్కువైందా, పాత ప్రోగ్రాం ఏదైనా అడ్డం పడుతోందా, ఎవరైనా ఏదైనా మార్చారా అని వెతికాను. మూడో బుర్రలో వెతకని మూల లేదు. మధ్యాహ్నం మీరావలి భాయ్‌తో అన్నాను.

"నా వైపు ఏ తప్పూ లేదు భాయ్."

షేక్ మీరావలి మా కేబుళ్ళ మనిషి. యాభై ఎనిమిదేళ్ళు, నిజాంపట్నం. తెప్పల కింద నీళ్ళలో మునిగి కేబుళ్ళు అతకడం పదిహేడేళ్ళుగా ఆయన పని. 

"అయితే నా వైపే అయ్యుంటుందమ్మా" అని అద్దాలు తగిలించుకుని దిగిపోయాడు.

మూడో తెప్పకు వెళ్ళే దారిలో నలభై రెండు అతుకులున్నాయి. ఒక్కొక్కటీ కోసి, మళ్ళీ అతికి, మళ్ళీ మైనం పోసి వస్తున్నాడు. పైకి వచ్చినప్పుడల్లా నావైపు చూస్తాడు. నేను తెరవైపు చూసి తల అడ్డంగా ఊపుతాను. ఆయన మళ్ళీ మునుగుతాడు.

నమోదు 4. అక్టోబరు 25

నలభై రెండూ అయిపోయాయి. ఒరుగుడు ఆగలేదు.

అల్పపీడనం బలపడింది. ఇరవై తొమ్మిదిన తుఫాను మా మీదుగా వెళ్తుందట. పదకొండు గంటలకు కమిటీ కూర్చుంది. రూలు పాతదే: తుఫానులో బుర్ర నిలకడగా లేని తెప్ప పక్క తెప్పలను కూడా లాగేస్తుంది. అందుకే ఇరవై ఎనిమిది సాయంత్రానికల్లా మూడో తెప్ప బాగుపడకపోతే, ముప్పై ఎనిమిది కుటుంబాలనూ మెస్సునూ ఖాళీ చేయించి, తాళ్ళు కోసి, తెప్పను వదిలేయాలి.

"కోసేత్తారా? పందొమ్మిదేళ్ళ నుంచి అందులో వండుతున్నానండి నేను!" అంది నూకాలమ్మ గారు. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం నేను వినడం ఇదే మొదటిసారి.

తర్వాత పురుషోత్తం గారు ఒక ఉత్తర్వు చదివారు. సాఫ్ట్‌వేర్ విభాగం తమ వైపు లోపం లేదని తేల్చినందువల్ల, కేబుల్ విభాగపు నిర్లక్ష్యమే కారణమని భావిస్తూ, షేక్ మీరావలిని నవంబరు రెండో తేదీ సరుకుల పడవలో ఒడ్డుకు పంపించివేయవలసిందిగా ఆదేశించడమైనది. సాఫ్ట్‌వేర్ విభాగం అంటే నేను. కేబుల్ విభాగం అంటే ఆయన. మా రెండు విభాగాలకూ కలిపి ఒక బల్ల ఉంది.

"ఇంకా తేలలేదు కదండీ" అన్నాను. గట్టిగా అనాల్సింది.

మీరావలి భాయ్ ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు. టేపు చుట్ట అయిపోయింది, ఇంకొకటి కావాలని నా సంతకం అడిగాడు.

నమోదు 5. అక్టోబరు 26, ఉదయం

పదింటికి పురుషోత్తం గారు తలుపు తోసుకుని వచ్చారు.

"నా మొహం చూడండి!"

చూశాను. ఎడమ చెంప నున్నగా ఉంది. కుడి చెంప మీద నురగ ఆరిపోయి ఉంది. తేలూరు ప్రకటనలన్నిటి మీదా ఫొటోలో కనిపించే ఆ మీసంలో సగమే మిగిలింది. ఏదో పడిపోయినట్టు బల్ల కిందికి వంగి, నవ్వు అక్కడ వదిలేసి లేచాను.

"ఎక్కడండి ఇది?"

"సింహాద్రి షాపులో. కత్తి మీసం అంచున ఉండగా తెప్ప ఒరిగింది."

"సింహాద్రి షాపు ఎనిమిదో తెప్ప మీద కదండీ. అది ఒరగదు. ఒక్క ఫిర్యాదు లేదు."

"ఒరగకపోతే నా మీసం దానంతటదే రాలిపోయిందంటారా?"

"ఎన్నింటికి జరిగింది?"

"తొమ్మిదీ నలభై ఒకటి. ఎదురుగా గడియారం ఉంది. గొంతు మీదికే వస్తుందేమో, పోయే టైము తెలిసి పోదామని చూశాను."

నా కాగితం తీశాను. మూడో బుర్ర తొమ్మిదీ ముప్పై ఆరుకు మాట ఆపింది. తొమ్మిదీ నలభై ఒకటికి మళ్ళీ "ఉన్నా" అంది. అది లేచిన క్షణానే పక్కది పడిందన్నమాట.

ఆయన్ను అలాగే కూర్చోబెట్టి ఎనిమిదో తెప్పకు పరుగెత్తాను. సింహాద్రి కుర్చీని నాలుగు తాళ్ళతో నేలకు కట్టుకుని ఉన్నాడు.

"ఏటి సింహాద్రీ, ఈ తెప్ప ఒరుగుతోందా?"

"ఒరుగుద్ది మేడం. రోజూ ఒరుగుద్ది."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే మల్లీ పడమటేపుకి తోసేత్తారని సెప్పనేదు. ఇక్కడికొచ్చేక మూడో తెప్పోలంతా నా కుర్సీకే వత్తన్నారు మేడం. ఆల తెప్ప ఒరుగుతుంటే ఇటొచ్చీసి గెడ్డం సేయించుకుంతన్నారు."

ఒరిగిన వేళలన్నీ కాలెండరు మీద పెన్సిలుతో రాసుకున్నాడు. కత్తి ఎప్పుడు పైకెత్తాలో ముందే తెలుస్తుందేమోనని. ఆ కాలెండరు చింపి తెచ్చుకున్నాను. నా కాగితం పక్కన పెట్టి, ఇరవై ఒకటి నుంచి ఆరు రోజుల వేళలూ సరిచూశాను. మూడోది ఒరిగినప్పుడు ఎనిమిదోది నిటారుగా ఉంది. ఎనిమిదోది ఒరిగినప్పుడు మూడోది నిటారుగా ఉంది. రెండూ కలిసి ఒక్కసారీ ఒరగలేదు.

నమోదు 6. అక్టోబరు 26, మధ్యాహ్నం

ప్రతి బుర్రకూ లోపల పన్నెండు అక్షరాల చిరునామా ఒకటి ఉంటుంది. అది ఎవరూ చూడరు. దారి చూపే స్విచ్చు మాత్రం అదే చూస్తుంది. మూడో దానిదీ ఎనిమిదో దానిదీ తీసి పక్కపక్కన పెట్టాను.

పన్నెండు అక్షరాలూ ఒకటే.

ఒకే వీధిలో ఒకే పేరుతో, ఒకే ఇంటి నంబరుతో ఇద్దరున్నారనుకోండి. పోస్టుమాన్ ఏం చేస్తాడు? ఎవరు చివరగా గుమ్మంలోకి వచ్చి దగ్గితే ఉత్తరాలన్నీ వాళ్ళ చేతిలో పెడతాడు. రెండోవాళ్ళు దగ్గేదాకా వాళ్ళకు ఉత్తరం ఉండదు. మా స్విచ్చు తప్పేమీ లేదు. పాపం, ఎనిమిది రోజులుగా అది దగ్గులు విని పనిచేస్తోంది.

ఇద్దరికీ ఒకే చిరునామా ఎలా వచ్చిందో పాత రికార్డులో వెతికాను. పోయినేడు ఆగస్టులో ఎనిమిదో బుర్ర చెడిపోయింది. కొత్తది మొదటి నుంచి కట్టే బదులు, బాగా పనిచేస్తున్న మూడో బుర్రకు నకలు తీసి, పేరు మార్చి పెట్టారు. అప్పుడు కంప్యూటరు ఒక ప్రశ్న అడుగుతుంది: దీన్ని తరలించారా, నకలు తీశారా? నకలు అంటే కొత్త చిరునామా ఇస్తుంది. తరలించాను అంటే పాతదే ఉంచుతుంది. ఎవరో "తరలించాను" నొక్కారు. పద్నాలుగు నెలలు రెండూ వేరువేరు బీరువాల్లో, వేరువేరు వీధుల్లో ఉన్నాయి కనుక ఎవరికీ తెలియలేదు. ఈ నెల పద్దెనిమిదిన ఎనిమిదో తెప్పతో పాటు దాని బుర్రనూ తూర్పు బీరువాలోకి తెచ్చాం.

నొక్కినవారి పేరు దగ్గర సంగాడి రత్నకుమారి అని ఉంది. సమయం పన్నెండూ యాభై. ఒంటిగంటకు మెస్సులో రొయ్యలైపోతాయి. అంతకు మించిన గొప్ప కారణమేదీ నాకు గుర్తు రావడం లేదు.

ఒక మాట ఇక్కడ రాయాలి. చిరునామా మార్చడం చిన్న పని. చప్పుడు చేయకుండా మార్చేసి, కొత్త అతుకులు కుదురుకున్నాయని చెబితే ఎవరూ అడగరు. మీరావలి భాయ్ రెండో తేదీ పడవెక్కుతాడు. నా పేరు శుభ్రంగా ఉంటుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది. దాదాపు ఇరవై నిమిషాలు నాతో కూర్చుంది.

ఆయన దగ్గరికి వెళ్ళాను. చేతి వేళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. కోతలు ఉప్పునీళ్ళలో నాని తెల్లగా ఉబ్బాయి.

"భాయ్, మీ అతుకులు బాగానే ఉన్నాయని మీకు తెలుసు కదా. మరి నలభై రెండూ ఎందుకు కోశారు?"

"మీ వైపు తప్పు లేదని మీరన్నారు కదమ్మా" అన్నాడు. ఇంకేం కావాలన్నట్టు.

అప్పుడే చెప్పాల్సింది. నూనె సీసాకు మూత పెట్టి ఇచ్చి వచ్చేశాను.

నమోదు 7. అక్టోబరు 27

మధ్యాహ్నం భోజనాల వేళ మెస్సులో లేచి నిలబడి చెప్పాను. ఎనభై మంది దాకా ఉన్నారు. చిరునామా సంగతి, నా పేరు సంగతి, రొయ్యల సంగతి కూడా చెప్పాను. అతుకుల్లో ఏ లోపమూ లేదని రెండుసార్లు చెప్పాను.



"అంటే వారం రోజుల్నించీ నా పులుసు పారబోత్తంది నువ్వేనన్నమాట" అంది నూకాలమ్మ గారు. అక్కడక్కడా నవ్వారు. నాకూ కాస్త ఊపిరి వచ్చింది. ఇంతలో మీరావలి భాయ్ సగం తిన్న కంచం పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. నవ్వినవాళ్ళు తలలు దించుకున్నారు.

పురుషోత్తం గారు గొంతు సవరించుకున్నారు. మిగిలిన సగం మీసం కూడా తీసేయించారు. ఆయన పై పెదవిని తేలూరు ఇప్పుడే మొదటిసారి చూస్తోంది.

"ఉత్తర్వు రద్దు చేయాలంటే మళ్ళీ కమిటీ కూర్చోవాలి. మీ మీద కూడా ఒకటి రాయాల్సి వస్తుంది."

"రాయండి."

"రాతలు తరవాతండి" అంది నూకాలమ్మ గారు. "ముందు తెప్ప నిలబెట్టండి. రేపు సాయంత్రం దాకే గడువు."

నమోదు 8. అక్టోబరు 28

చిరునామా మార్చాలంటే ఎనిమిదో బుర్రను ఆపి, మార్చి, మళ్ళీ లేపాలి. పాత బీరువా, పదకొండు నిమిషాలు పడుతుంది. సముద్రం అప్పటికే ఉబ్బుతోంది. ఆ పదకొండు నిమిషాలూ ఎనిమిదో తెప్పను మనుషులే నిలబెట్టాలి. నాలుగు మూలలా నాలుగు చేతి పంపులున్నాయి. పెట్టిన దగ్గర్నుంచీ ఎవరూ వాటిని తాకలేదు.

ఏ మూల ఎప్పుడు కొట్టాలో ఎలా తెలుస్తుంది? సింహాద్రి తన ఇత్తడి గిన్నె నిండా నీళ్ళు పోసి తెప్ప నడిబొడ్డున పెట్టి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళు ఎటు అంచుకు చేరితే అటు కేక.

"ఈశాన్యం! కొట్టండి, కొట్టండి! సాలు! నైరుతి! నైరుతి బాబూ, నిద్దరోతన్నావేటి?"

నైరుతి మూల ఉన్నది పురుషోత్తం గారు. ఆగ్నేయం నూకాలమ్మ గారిదీ, ఆవిడ వంటవాళ్ళదీ. నేను బల్ల దగ్గర ఉన్నాను. వాయవ్యం మూలకు మనిషి చాలలేదని వైర్‌లెస్‌లో అరుస్తుంటే, మీరావలి భాయ్ ఎవరూ పిలవకుండానే వెళ్ళి ఆ పంపు పట్టుకున్నాడట.

ఏడో నిమిషంలో పెద్ద అల వచ్చింది. గిన్నె బోర్లా పడింది. సింహాద్రి దాన్ని వదిలేసి నేల మీద చెంప ఆనించి పడుకున్నాడు. పదహారేళ్ళుగా మొహాల వంపులు చూసి బతికినవాడు, నేల వంపు చెంపతో చూశాడు.

"వాయవ్యం! వాయవ్యం భాయ్! ఒదలొద్దు!"

పదో నిమిషం చివర నా తెర మీద ప్రశ్న వచ్చింది. తరలించారా, నకలు తీశారా? మూడుసార్లు చదివాను. ఈసారి "నకలు" నొక్కాను. మూడో బుర్ర ఉన్నా అంది. ఎనిమిదో బుర్ర ఉన్నా అంది. పది రోజుల్లో మొదటిసారి ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం రాకుండా పలికారు.

నేను వెళ్ళేసరికి అందరూ తడిసి, నేల మీద కూలబడి ఉన్నారు. మీరావలి భాయ్ నన్ను చూసి, "వాయవ్యం పంపుకి నూనె లేదు" అన్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచి నాతో అన్న మొదటి మాట.

సాయంత్రం ఐదింటికి కమిటీ మూడో తెప్ప తాళ్ళు కోయనక్కర్లేదని రాసింది.

నమోదు 9. అక్టోబరు 30

తుఫాను వెళ్ళిపోయింది. నిన్న పగలంతా పదకొండు తెప్పలూ ఒకదాన్నొకటి పట్టుకుని మూలిగాయి. ఐదో తెప్ప కప్పు సగం ఎగిరిపోయింది. ఒకరికి చెయ్యి విరిగింది. అందరం ఉన్నాం. మూడోదీ ఎనిమిదోదీ ఒక్క మాటా తప్పలేదు. నూకాలమ్మ గారు గాలివానలోనే అందరికీ గంజి కాచి పంపింది. నా గిన్నెలో రొయ్య ఒక్కటే ఒక్కటి వేసి పంపింది, గుర్తుండాలని.

నమోదు 10. నవంబరు 2

ఉత్తర్వు నిన్న రద్దయింది. నా మీద రాసింది కూడా వచ్చింది: ఆరు నెలలు కేబుల్ విభాగంలో సహాయకురాలిగా నీళ్ళలో పనిచేయాలి. న్యాయమే.

అయినా ఈ ఉదయం మీరావలి భాయ్ సంచీ సర్దుకుని సరుకుల పడవ దగ్గర నిలబడ్డాడు.

"రద్దయింది కదా భాయ్?"

"రద్దు కాగితం నాకింకా అందలేదమ్మా" అన్నాడు. అది ఆయన జేబులోంచి బయటికి కనిపిస్తూనే ఉంది. "పన్నెండు రోజులు కదలని నేల మీద పడుకుని వస్తా. పదిహేడేళ్ళయింది."

"నన్ను క్షమించండి భాయ్."

 చేతులు తిప్పి చూసుకున్నాడు.

"నలభై రెండు కోశానమ్మా. ఇంకా తెలుస్తోంది" అన్నాడు. పరవాలేదని మాత్రం అనలేదు. ఐదో తెప్ప కింద తుఫాను లాగేసిన అతుకులు నాలుగున్నాయని చెప్పి, పడవెక్కాడు.

నమోదు 11. నవంబరు 5

ఈ రోజు నేను ఐదో తెప్ప కిందికి దిగాను. అద్దాల్లోకి నీళ్ళొచ్చాయి. మైనం గడ్డకట్టింది. టేపు నా జుట్టుకు అంటుకుంది. పైనుంచి నూకాలమ్మ గారు వంగి చూస్తూ, "చేపలు భయపడతన్నాయి, మెల్లిగా" అని సలహాలిచ్చింది. పక్కనే తెగని అతుకొకటి చూశాను, ఆయన చేసింది. చేత్తో తడిమితే ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియలేదు. దాన్ని పట్టుకుని ఊపిరి ఉన్నంతసేపూ అక్కడే ఉన్నాను.

సాయంత్రం నాలుగింటికి ఒడ్డు నుంచి సందేశం వచ్చింది. ఒకే మాట.

"ఎన్ని?"

"నాలుగు చేశాను భాయ్. రెండు నిలిచాయి" అని పంపాను.

 బట్టలు పిండి ఆరేసుకున్నాను. జుట్టులోంచి టేపు కత్తిరించుకున్నాను. అప్పుడు జవాబు వచ్చింది.

"మొదటి రోజు నావి ఒక్కటీ నిలవలేదమ్మా."